కూర్చున్న మనిషి కంటి ఎత్తున

"ఓడ కడిగావా?"

సోమవారం పొద్దున ఆర్చీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇది. నేను టీ కప్పు చేతికిస్తుండగా అడుగుతాడు. కడగలేదని అతనికి తెలుసు, టీ ఇస్తున్నది నేనే కాబట్టి. అయినా అడుగుతాడు. వాళ్ళ నాన్న వాట్టీ కూడా వాళ్ళమ్మని అలాగే అడిగేవాడట.

ఓడ అంటే మా హోటల్లో కింద, బార్ పక్కనున్న గది. దాని నాలుగు గోడల చెక్క పలకలూ ఒకప్పుడు 'మెరిడియా' అనే ఓడలో ఉండేవి. మొదటి యుద్ధానికి ముందు కట్టిన ఓడ అది. లివర్‌పూల్ నించి న్యూయార్క్‌కి దొరల్నీ దొరసానుల్నీ తిప్పింది. ముసలిదయ్యాక మా ఊరి యార్డుకి వచ్చింది. ఫైఫ్ తీరాన మా ఊరు బతికింది ఆ పని మీదే. క్లైడ్ నది వాళ్ళు ఓడలు కడితే, మా వాళ్ళు వాటిని విరగ్గొట్టేవాళ్ళు. ఇనుము కొలిమికి పోయేది. లోపలి సామాను వేలానికి వచ్చేది.

అందుకే మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఓడ ముక్క ఉంటుంది. మాంసం కొట్టు బల్ల మీది పాలరాయి ఒక ఓడ వంటశాలది. మిసెస్ లంబీ ఇంటికి మేడే లేదు, కానీ హాల్లో ఓడ మెట్ల మొదట నిలబెట్టే చెక్కుడు స్తంభం ఉంది. దాని మీద వాళ్ళాయన టోపీ పెడతాడు. కొండ మీది పొలంలో ఆవులు నీళ్ళు తాగే తొట్టిలో ఒకప్పుడు ఏ ప్రభువు భార్యో స్నానం చేసింది. దాని కాళ్ళు సింహం పంజాలు. నేను చిన్నప్పుడు ఆ పంజాలు చూడటానికే కొండెక్కేదాన్ని.

మా మామగారు వాట్టీ మెల్డ్రమ్ కొన్నది ఏకంగా ఒక గదిని. మెరిడియా స్మోకింగ్ రూమ్ అని ఊరంతా చెప్పాడు. దొరలు సిగార్లు కాలుస్తూ పేకాడిన గది, ఇప్పుడు మీరూ కాల్చండి అన్నాడు. పలకలకి గోధుమ రంగు వేయించి, పైన దువ్వెనతో గీతలు గీయించి, ఓకు చెక్కలా కనిపించేట్టు వార్నిష్ కొట్టించాడు. మా వైపు ఇళ్ళలో తలుపులకీ గోడలకీ అందరూ చేయించే పనే అది. మరక కనపడదు.

ఆ గదికి వాట్టీ ఒక పద్ధతి పెట్టాడు. ఓడల్లో స్మోకింగ్ రూములోకి ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు కాబట్టి ఇక్కడా ఆడవాళ్ళు కూర్చోకూడదు. కూర్చోకూడదన్నాడు గానీ రాకూడదనలేదు. గోడలు కడగడానికి రావచ్చు. బూడిద పళ్ళేలు ఎత్తడానికి రావచ్చు. రాత్రి వేడి మాంసం పైలూ చేపలూ పట్టుకుని రావచ్చు. నేను ట్రే బల్ల మీద పెట్టగానే, లోపలి పొగలోంచి ఆర్చీ అనేవాడు, "వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు, నెట్టా." అందరూ ఏదో నవ్వు మధ్యలో ఆగి ఉండేవాళ్ళు. తలుపు పడ్డాక మళ్ళీ నవ్వు మొదలయ్యేది. ఆ నవ్వు నా గురించి కాదని నాకు తెలుసు. నేను ఉన్నంతసేపూ ఆపుకోవలసిన నవ్వు అది, అంతే.

ఆ గదిలో ఒక వింత ఉంది. ఓడ నేల చదునుగా ఉండదు, ముక్కు వైపుకి కొంచెం లేచి ఉంటుంది. వడ్రంగులు ఆ వాలుకి సరిపడా పలకలు కోశారు. వాటిని తెచ్చి మా చదును నేల మీద నిలబెడితే, గోడ మీది గీతలన్నీ కిటికీ వైపుకి లేచినట్టు ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు మొదటి గ్లాసుకే కళ్ళు నులుముకుంటాడు. "గది ఊగుతోందిరా" అంటాడు. "గది కాదు, నువ్వే" అంటారు మిగతావాళ్ళు. ఆ వాలు నాకు కళ్ళతో కాదు, చేత్తో తెలుసు. గుడ్డ పట్టుకుని ఆ గోడ వెంట పోతుంటే, చెయ్యి తనంతట తనే పైకి వెళ్తుంది.

ఒక శీతాకాలం నా ఎడమ కాలు మొరాయించింది. మోకాలి కింద నరాలు ఉబ్బి, సాయంత్రానికి మేజోడు దిగేది కాదు. డాక్టరు కాలు నొక్కి చూసి, "మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు ఎత్తిపెట్టుకుని కూర్చోవాలి, మిసెస్ మెల్డ్రమ్. రోజూ. లేకపోతే పుండు పడుతుంది, పడితే మానదు" అన్నాడు. ఎక్కడ కూర్చోను అని ఆయన్ని అడగలేదు. ఆయన ఇంట్లో కుర్చీలు ఉండి ఉంటాయి.

మా హోటల్లోనూ కుర్చీలకి కొదవ లేదు. భోజనాల హాల్లో ఉన్నవి గిరాకీలవి. పై గదుల్లోవి అద్దెకుండేవాళ్ళవి. మేము పడుకునేది అటక గదిలో. అన్ని మెట్లెక్కితే కాలికి ఇంకా చేటు, పైగా మధ్యాహ్నం సరుకులు వచ్చినప్పుడు తలుపు తీయడానికి నేను కింద ఉండాలి. వంటింట్లో ఒక కుర్చీ ఉంది. కూర్చుని చూశాను. వంటింట్లో కూర్చున్న ఆడమనిషి చేతిలో ఎవరో ఒకరు బంగాళాదుంపలు పెడతారు.

మధ్యాహ్నం బార్ మూసి ఉండే వేళ ఓడ గది ఖాళీగా ఉంటుంది. కిటికీ కింద మెత్త వేసిన బల్ల ఉంది. ఆర్చీని అడిగాను.

"ఎక్కడ? స్మోక్ రూములోనా?" అన్నాడు పీపాకి కుళాయి బిగిస్తూ.

"మూసి ఉండేటప్పుడే. ఒక్క గంట."

"మూసి ఉన్నా అది స్మోక్ రూమే కదే. నువ్వక్కడ కాళ్ళు జాపుకుని కూర్చుంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"వస్తే ఆయనకీ ఓ కప్పు టీ ఇస్తాలే."

నవ్వాడు. ఆర్చీ చెడ్డవాడు కాదు. నవ్వించడం తెలిసినవాడు, నవ్వడం తెలిసినవాడు. నవ్వు అయ్యాక, "ఇల్లంతా నీదేగా, నెట్టా. ఆ ఒక్క గదీ ఎందుకు?" అన్నాడు.

ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ మెట్లెక్కుతున్నాను. మెట్ల మలుపులో మా అత్తగారు ఎఫీ గది. ఆమె తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కింద జరిగేదంతా వినపడుతుంది. "నా కాళ్ళు మాత్రం ఇనుపవా?" అంది లోపలినించే. "నేను ముప్పొద్దులా నిలబడే చేశాను. నీలాగా సోఫాలు అడిగానా?"

జవాబు దొరక్కుండానే వంటింట్లోకి దిగి బంగాళాదుంపల బుట్ట తీశాను. ఇల్లంతా నాది. అంటే ఇంట్లో ప్రతి మూలా నా పని ఉంది అని. అది నిజమే. నాది కానిది పని కాదు, చోటు. ఇంత చిన్న విషయం ఒక వాక్యంగా కూర్చుకోవడానికి నాకు ఆ బుట్టెడు దుంపలూ పట్టాయి. అప్పటికి ఆర్చీ పీపా బిగించేసి వెళ్ళిపోయాడు.

రెండు వారాలకి గ్లాస్గో నించి ఓ ఉత్తరం వచ్చింది. పాత ఓడలంటే ఇష్టమున్న వాళ్ళ సంఘం ఒకటి శనివారం మా హోటల్లో భోంచేసి, మెరిడియా గది చూసి, ఫొటోలు తీసుకుంటుందట. ఆర్చీ ఆ ఉత్తరాన్ని బార్‌లో అందరికీ చదివి వినిపించాడు. వాళ్ళకి ఏం చెప్పాలో నాకు వినిపిస్తూ గడ్డం గీసుకున్నాడు. దొరలు, సిగార్లు, పేక. సోమవారం పొద్దున టీ తాగుతూ, "ఈసారి గట్టిగా కడగాలి. టీ నీళ్ళతో లాభం లేదు" అన్నాడు.

వార్నిష్ గోడల్ని చల్లారిన టీ నీళ్ళతో తుడుస్తాం. మా అమ్మ అలాగే చేసేది, అత్తగారూ అలాగే చేసేది. పొగ మరక పోతుంది, మెరుపు ఉంటుంది.

"ఏం వేయమంటావ్ మరి?"

"బీరు గొట్టాలు కడగడానికి పోస్తాం చూడు, ఆ కాస్టిక్ సోడా."

"అది వార్నిష్‌ని తినేస్తుంది, ఆర్చీ."

"కొంచెం వెయ్యి. చేతులకి తొడుగులు వేసుకో. అన్నిటికీ నాతో వాదన పెట్టుకుంటావ్ నువ్వు."

అన్నిటికీ వాదన పెట్టుకోను. అందుకే వేశాను.

ఆ మధ్యాహ్నం బార్ మూసి ఆర్చీ పక్క ఊరికి వెళ్ళాడు. నేను వేడి నీళ్ళ బక్కెట్టు, సోడా, సోడా ఘాటు విరగడానికి వెనిగర్ కలిపిన నీళ్ళు పట్టుకుని ఓడ గదిలోకి వెళ్ళాను. కిటికీ దగ్గరి బల్ల జరిపి, మోకాళ్ళ మీద వంగి, ఎవరికీ కనపడని మూల మొదలుపెట్టాను. గుడ్డతో ఒకసారి రుద్దాను. గుడ్డ గోధుమ రంగయింది. పొగ మరక అనుకున్నాను. మళ్ళీ రుద్దాను. ఈసారి వార్నిష్ మీగడలాగా ముడతలు పడి, చేతి వెంట ఊడి వచ్చింది.

భయమేసింది. వెనిగర్ నీళ్ళు పోసి తుడిచాను. రంగు కింద ఉత్త చెక్క కనపడుతుందనుకున్నాను. చెక్క లేదు. అక్కడ తెలుపు ఉంది.

గోడ తెలుపు కాదు, పాల తెలుపు కాదు. కోడిగుడ్డు పెంకు లోపలి వైపు ఎలా ఉంటుంది, అలా. వేలితో రాశాను. గాజులా జారింది. రంగు మీద రంగు వేసి, మధ్యమధ్య నునుపు రాయితో రుద్ది, అలా ఎన్నో పూతలు పూస్తే గానీ అంత గట్టిదనం రాదు. సోడా దాన్నేమీ చేయలేకపోయింది. దాని అంచున దారమంత బంగారు గీత ఉంది. ఆ గీత కిటికీ వైపుకి మెల్లగా లేస్తోంది, నా చేతికి తెలిసిన వాలునే.

ఆ పూట మానేసి ఉండాల్సింది. ఆర్చీ వచ్చేదాకా ఆగి, నీ సోడా ఇంత పని చేసిందని చూపించి ఉండాల్సింది. మానలేదు. పలక తరవాత పలక రుద్దుతూ పోయాను. నేల మీద గోధుమ రంగు బురద చేరింది. గుడ్డలు అయిపోతే నా ఏప్రాన్ చింపాను. మోకాళ్ళు సలిపి లేవబోతే కాలు పట్టేసింది. పట్టుకోడానికి ఏమీ దొరక్క, ఆ కిటికీ బల్ల మీద కూర్చుండిపోయాను.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చుని తలెత్తితే, ఎదురుగా సరిగ్గా నా కళ్ళ ఎదుట, గోడ పొడుగునా ఒక చెక్కుడు పట్టీ ఉంది.

ఆ పట్టీ అక్కడ ఉందని నాకు తెలుసు. సోమవారం సోమవారం దాని గాడుల్లోంచి దుమ్ము తీసేదాన్ని. నా లెక్కలో అది గుడ్డ ఇరుక్కునే చోటు. నిలబడి చూస్తే మామూలు అంచు, వంగి తుడిస్తే అడ్డం. ఇప్పుడు రంగు పోయాక అది తీగ. మా కంచెల మీద పాకే హనీసకిల్ తీగ. ఆకులు, మొగ్గలు, విచ్చినవి, విచ్చి రాలబోతున్నవి. ఒక ఆకులా ఇంకో ఆకు లేదు. ఒక ఆకుకి పురుగు కొరికిన చిల్లు కూడా చెక్కాడు. ఎవడో వడ్రంగి ఉలి పట్టుకుని, సముద్రం మీద పోయే గదిలో, ఆకుకి పురుగు కొరికిన చిల్లు చెక్కాడు.

ఎవరు చూస్తారని? నిలబడ్డవాళ్ళకి అది కనపడదు. కుర్చీలో కూర్చున్న మగాడికీ అందులో సగం మెడ వంచితేనే కనపడుతుంది. నాకు కనపడుతోంది, మెడ వంచకుండా, మెడ ఎత్తకుండా. నేను పొట్టి మనిషిని, మా ఊరి ఆడవాళ్ళంతా దాదాపు నా అంతే. ఆ తీగని ఎంత ఎత్తులో పెట్టాలో ఎవరో కొలిచారు. ఆడమనిషి కూర్చుంటుందని, పని లేకుండా కూర్చుంటుందని, ఊరికే గోడకేసి చూస్తుందని, ఆ చూపు పడే చోట ఏదైనా ఉండాలని అనుకుని మరీ కొలిచారు. నా జీవితంలో నా గురించి ఎవరూ అంత దూరం ఆలోచించలేదు.

చెయ్యి చాపితే అందేంత దూరంలో, తీగ కింద, రంగుతో మూసుకుపోయిన గుండ్రటి ఉబ్బు ఉంది. మేకు తల అనుకునేదాన్ని. సోడా గుడ్డతో రుద్ది, వెనిగర్ నీళ్ళతో తుడిచాను. ఇత్తడి బిళ్ళలో ఒక మీట. మీట మీద, గోరంత రంగు బొమ్మ: తల మీద కుచ్చు టోపీ, నడుముకి ఏప్రాన్, చేతిలో ట్రే. ఆడమనిషి.

ఆ గదిలో మీట నొక్కితే వచ్చేది ఆవిడ. స్మోకింగ్ రూములో వడ్డించేది మగవాళ్ళు మాత్రమేనని మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. యార్డులో పనిచేసిన ప్రతివాడూ ఆ కబుర్లు చెప్పేవాడు. ఆడవాళ్ళ గదికే ఆడమనిషి వస్తుంది.

ఆవిడ ముఖం కేసి చాలాసేపు చూశాను. ఆ ఓడలో నేను ఉండి ఉంటే ఈ బల్ల మీద ఉండేదాన్ని కాదు, ఆ బిళ్ళ మీద ఉండేదాన్ని. తీగ ఆవిడ కంటి ఎత్తులో పెట్టింది కాదు. ఆ సంగతి తెలిసే, కాలు ఎత్తి బల్ల మీద జాపుకున్నాను.

కాసేపటికి లేచి మెట్లెక్కాను. అత్తగారు అల్లిక పట్టుకుని ఉంది. నా చింపిన ఏప్రాన్ చూసింది.

"అత్తమ్మా, కింద గోడ తెల్లగా ఉంది."

సూది ఆగింది. ఏ గోడ అని అడగలేదు.

"అది స్మోకింగ్ రూమ్ కాదు" అన్నాను. "మీకు తెలుసు కదా?"

"కర్ర ఇటివ్వు" అంది.

నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. గడప దగ్గర ఆగింది. తర్వాత లోపలికి వచ్చి, కిటికీ బల్ల మీద నేను కూర్చున్న చోటే కూర్చుంది. వేలు చాపి, వెతుక్కోకుండా, పురుగు కొరికిన ఆకు మీద పెట్టింది.

"ఇక్కడే ఉందే ఇది" అంది.

"ఎప్పుడు చూశారు?"

"తెచ్చిన రోజే. నేనూ మోశాను, ఏమనుకున్నావ్? స్మోకింగ్ రూమ్ ఎడిన్‌బరా వాడెవడో ఎగరేసుకుపోయాడు. ఇదొక్కటీ మిగిలింది. బొగ్గు మసి పట్టే ఊళ్ళో తెల్ల గోడలు ఎవరికి కావాలి? మీ మామ అప్పటికే ఊరంతా చాటుకున్నాడు, స్మోకింగ్ రూమ్ వస్తోందహో అని." ఆకు మీది వేలు తీయలేదు. "పలకలు గోడలకి ఆనించి పెట్టారు. ఆయన బార్‌లో ఉన్నాడు. నేను జోళ్ళు విప్పేసి ఇక్కడ కూర్చున్నా. ఒక్క సాయంత్రం. అబ్బ, నెట్టా! లోకమంతా కడిగి ఆరేసినట్టు ఉండింది."

"తర్వాత?"

"అడిగా. ఇలా ఉండనీ, ఆడవాళ్ళం మేం కూర్చుంటాం అని అడిగా. ఏమన్నాడో తెలుసా? ఇల్లంతా నీదేగా ఎఫీ, ఈ ఒక్క గదీ ఎందుకు, అన్నాడు. మర్నాడు పెయింటర్ వచ్చాడు."

ఆమె అడగలేదని నాతో అన్నది నేను గుర్తు చేయలేదు. ఆమెకీ గుర్తొచ్చినట్టుంది. "నువ్వడిగినప్పుడు నాకు ఒళ్ళు మండింది" అంది. "నాకు లేనిది దీనికెందుకు అనుకున్నా. ముసలి బుద్ధి. ఆ కాలు ఇలా పెట్టు." నా కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

బార్ తెరిచే వేళకి ఆర్చీ వచ్చాడు. అతని వెనకే జోక్ పిట్‌కెయిర్న్. యార్డులో పలకలు ఊడదీసిన మనిషి, ఇప్పుడు రోజూ మొదటి గ్లాసు ఆయనదే. తలుపు తీసిన ఆర్చీ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. గోడ చూశాడు, నేల మీది బురద చూశాడు, మా ఇద్దర్నీ చూశాడు.

"ఏం చేశావే ఇది?"

"గొట్టాల సోడా. నువ్వు చెప్పిందే."

"గోడ కడగమన్నాను గానీ పీకమన్నానా? శనివారం వాళ్ళు వస్తున్నారు! స్మోకింగ్ రూమ్ అని చెప్పాను వాళ్ళకి!"

"ఇది ఆడవాళ్ళ గదిరా" అంది అత్తగారు. "మీ నాన్నకి తెలుసు."

"నీకు వయసు మీద పడిందమ్మా. జోక్, చెప్పవయ్యా నువ్వు."

జోక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది ఆయన బార్‌లో ఎప్పుడూ చేయని పని. "చెప్పడానికేముంది, అబ్బాయ్. ఊడదీసింది నేనేగా. యార్డులో అందరికీ తెలుసు. మీ నాన్న ఓ రౌండు తాగించాడు, మేం నోళ్ళు మూసుకున్నాం."

ఆర్చీ ముఖం చూస్తే జాలేసింది. గది తెచ్చినప్పుడు అతను ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు. దొరలూ సిగార్లూ అతనికి వాళ్ళ నాన్న ఇచ్చిన కథ, అతను దాన్ని నమ్మి పెరిగాడు. గోడ దగ్గరికి వచ్చి తెల్లటి పలక మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. "ఇంత నునుపుగా..." అన్నాడు. కొంచెం వంగి ఉంటే తీగ కనపడేది. బార్ వైపు ఎవరో గ్లాసుతో బల్ల మీద కొట్టారు. నిటారుగా అయిపోయాడు.

"సరే. రేపు పొద్దున్నే పెయింటర్ని పిలుస్తా. శనివారం లోపల మళ్ళీ బ్రౌన్ అయిపోవాలి. లే, నెట్టా. పైలు వేడి పెట్టు. జనం వస్తున్నారు."

లేవలేదు. నా కాలు ఇంకా అత్తగారి ఒళ్ళోనే ఉంది. ఆవిడ చెయ్యి నా మడమ మీద బిగిసింది. జోక్ గడప అవతలే, టోపీ పట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉన్నాడు. గోడ మీది బంగారు గీత కిటికీ వైపుకి లేస్తోంది. ఆ పక్కన ఇంకా మూడు గోడలు గోధుమ రంగులో ఉన్నాయి.

"పెయింటర్ వస్తే కూర్చోమను" అన్నాను. "సోడా ఇంకా సగం డబ్బా ఉంది. మిగతా మూడు గోడలూ రేపు పూర్తి చేస్తా. ఇవాళ నా గంట ఇంకా కాలేదు."

ఆర్చీ నోరు తెరిచాడు. నవ్వించే మాట ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. బార్‌లో మళ్ళీ గ్లాసు మోగింది, అతను అటు తిరిగాడు.

"వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు, ఆర్చీ."